లాండ్రీకి రాని దుప్పట్లు

లాండ్రీలో అందరూ ఆమెను మడతక్క అనేవారు. బిస్కెట్ పొట్లం ఖాళీ అయినా సరే, నాలుగు మూలలూ కలిపి మడిచిగానీ చెత్తబుట్టలో వేయదని వచ్చిన పేరది. ఎనిమిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఉతికి ఆరబెట్టిన ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ రోలరు కింద నుంచి వెచ్చగా బయటికొస్తుంటే అందుకుని, మడిచి, దొంతర్లు పెట్టడం.

ఊళ్లో కాన్పులు చేసే ఆసుపత్రులు మూడు. మూడింటి దుప్పట్లూ ఈ లాండ్రీకే వచ్చేవి. ఒకదానివి ఇంకొకదాంట్లో కలిసిపోకుండా మూలన దారంతో గుర్తు కుట్టి ఉండేది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిది ఆకుపచ్చ, సందు చివరి నర్సింగ్ హోముది నీలం, ప్రభుత్వ ఆసుపత్రిది ఎరుపు. మడతక్క ఏ ఆసుపత్రి గడపా తొక్కింది లేదు. అయినా ఎక్కడ ఏం జరుగుతుందో తనకు తెలిసినంత అక్కడి డాక్టర్లకు కూడా తెలియదని ఆమెకు గట్టి నమ్మకం.

ఆకుపచ్చ దారం దుప్పట్లు దళసరిగా ఉండేవి, ఏడాది తిరక్కుండానే కొత్తవి వచ్చేవి. ఎరుపు దారం దుప్పట్లు నలిగి నలిగి ఉల్లిపొరలా అయిపోయేవి. కానీ వాటిలో చిరిగిన ప్రతి చోటా ఎవరో చీమల బారులాంటి కుట్లు వేసేవారు. ఆ కుట్లు ఎవరివో అని ఎనిమిదేళ్లుగా ఆమెకు ఒకటే కుతూహలం. ఇక నీలం దారం మూటలో ప్రతి పెద్ద దుప్పటికీ తోడుగా ఒక చిన్న దుప్పటి ఉండేది.

తను కడుపుతో ఉండి ఏడో నెల వచ్చేసరికి ఈ చిన్న దుప్పటి మీదే ఆమె మనసంతా నిలిచింది. "చిన్నది తోడు ఉండేవాళ్లకే బాబాయ్. ఇంకెందుకు?" అంది ఉతుకు యంత్రాలు చూసే ముసలాయనతో.

"నీకెవరు చెప్పారమ్మాయ్?"

"దుప్పట్లు చెప్పాయి."

"అవి మాట్లాడితే ముందు నన్ను తిట్టేవి," అన్నాడాయన, మీట నొక్కుతూ.

తోడు సంగతి ఆమెకు ఆషామాషీ కాదు. తొమ్మిదేళ్లప్పుడు చెయ్యి విరిగితే, కట్టు కట్టడానికి ఆమెను లోపలికి తీసుకెళ్లి, తల్లిలా పెంచిన అక్కను బయటే ఆపేశారు. విరిగిన చేతి నొప్పి ఆమెకిప్పుడు గుర్తు లేదు. మూసిన ఆ తలుపు రంగు మాత్రం గుర్తుంది, బూడిదరంగు. నొప్పులు పడేటప్పుడు అక్క చెయ్యి తన చేతిలో ఉండాలి. ఆమె కోరింది ఆ ఒక్కటే. దాన్ని పైకి చెప్పడానికి సిగ్గేసి, ఇంట్లో దుప్పట్ల గురించి మాట్లాడేది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. అతని ఓటు పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి.

"అక్కడి లిఫ్టు రెండేళ్లుగా నేనే చూస్తున్నా. ఒక్క రోజు ఆగింది లేదు, తెలుసా?"

"కాన్పు లిఫ్టులో కాదుగా?"

"అది కాదే. లిఫ్టును అంత బాగా చూసుకునేవాళ్లు మనిషిని చూసుకోరా?"

అతను కూడా తన పని కళ్లతోనే చూస్తున్నాడని ఆమెకు నవ్వొచ్చింది. కానీ ఆ ఆసుపత్రికి వెళ్తే, రెండు గదుల ఇంటి అడ్వాన్సు కోసం మూడేళ్లుగా వెనకేసిందంతా ఊడ్చుకుపోతుంది. ఇప్పుడున్న ఒంటి గదిలో మంచం కిందే గిన్నెలు, గిన్నెల పక్కనే చెప్పులు. ఉయ్యాల కట్టాలంటే తలుపు తీయడం మానేయాలి.

సెలవు రోజున ఇద్దరూ వెళ్లి చూశారు. గది నిజంగానే బాగుంది. పెద్ద కిటికీ, విడిగా బాత్రూము, తలుపేసుకుంటే ఎవరి కళ్లూ పడవు. ఆరుగురు ఒకే గదిలో పడుకునే ఇంట్లో పెరిగిన మనిషి మడతక్క. ఆ తలుపు గొళ్లెం ఒకసారి వేసి, తీసి, మళ్లీ వేసింది. అక్కడే ఉండిపోవాలనిపించిన మాట నిజం.

"కాన్పు గదిలోకి మా అక్క రావచ్చా?" అని కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగింది.

"ప్రీమియం ప్యాకేజీ తీసుకుంటే ఒకరు రావచ్చు మేడం."

"మామూలు ప్యాకేజీలో?"

"అందులో లోపలికి ఎవరూ రాకూడదు మేడం."

అమ్మాయి ఇచ్చిన కాగితంలో "దుప్పట్ల చార్జీ" అని ఒక వరుస ఉంది. అది చదివి మడతక్క గొంతు తగ్గించి భర్తతో అంది: "ఒక దుప్పటి ఉతికి, ఇస్త్రీ చేసి పంపితే వీళ్లు మాకిచ్చేది ఒక టీ ఖరీదు. ఇక్కడేమో ఇంటిల్లిపాదీ భోంచేసే ఖరీదు వేశారు!"

"అదిగో, మళ్లీ దుప్పట్లు," అన్నాడతను. అయితే తిరిగొచ్చేటప్పుడు లిఫ్టు గురించి మాత్రం మాట్లాడలేదు.

మరుసటి వారం ఆమె అక్కను వెంటబెట్టుకుని నర్సింగ్ హోముకు వెళ్లింది. అక్క స్కూలు బస్సులో ఆయా. పిల్లల్ని అదిలించి అదిలించి గొంతు పెద్దదైంది. ఖర్చు పెద్ద ఆసుపత్రిలో సగం కూడా లేదు. ఆవరణంతా శుభ్రంగా, చల్లగా ఉంది. అక్కడి నర్సమ్మ కూడా నవ్వుతూ మాట్లాడింది. ఎనిమిదేళ్ల తన నమ్మకాన్ని రుజువు చేసుకుందామని మడతక్క లోపలికి తొంగి చూసింది. చిన్న దుప్పట్లన్నీ కిటికీలకు వేలాడుతున్నాయి.

"అవి... తోడు ఉండేవాళ్లకు కాదా?"

"తోడువాళ్లు వరండాలోనేనమ్మా. ఎదురు మేడ మీదివాళ్లు ఇటే చూస్తుంటారని కిటికీలకు కట్టాం."

బయటికొచ్చాక అక్క ఆపుకోలేక నవ్వింది. "ఎనిమిదేళ్లుగా కిటికీ పరదాల్ని మడిచి, నాకు పడక వేశావే పిచ్చిదానా!"

మడతక్క మాత్రం నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంక ప్రభుత్వ ఆసుపత్రే మిగిలింది. అక్కడా తోడు ఉండనివ్వరు. మంచాలు ఎన్నో దుప్పట్లు అన్నే వస్తాయి, ఒక్కటి కూడా ఎక్కువుండదు."

"నీ దుప్పట్ల శాస్త్రం ఇప్పుడే చూశాంగా. పద, వెళ్లి కళ్లతో చూద్దాం."

ప్రభుత్వ ఆసుపత్రిలో బాలింతల వార్డు మేడ మీద ఉంది. మెట్లెక్కి గుమ్మంలో నిలబడిన మడతక్క ఒక్క క్షణం కదల్లేదు. మంచాల మీద తను మడిచి పంపిన తెల్ల దుప్పట్లే. కానీ ప్రతి మంచం పక్కనా ఒక బల్ల, ప్రతి బల్ల మీదా ఒక ఆడమనిషి, ఆ మనిషి కింద గళ్లదో, పువ్వులదో, చారలదో ఒక దుప్పటి. వార్డంతా రంగులే.

"ఇవి ఎక్కడివి?" అంది, అప్పుడే ఎదురొచ్చిన పెద్ద వయసు నర్సుతో.

"ఎవరింటివి వాళ్లు తెచ్చుకున్నవమ్మా. తోడొచ్చినవాళ్లకు మేం బల్ల ఇస్తాం, దుప్పటి ఇవ్వలేం."

ఇంటి దుప్పట్లు ఇంట్లోనే ఉతుక్కుంటారు. లాండ్రీకి ఎందుకొస్తాయి? రానిదాన్ని లేనిదనుకుంది తను. మడతక్కకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"కాన్పు గదిలోకి కూడా రానిస్తారా?" అని అక్క అడిగింది.

"ఒక ఆడమనిషిని రానిస్తాం. కానీ ఇలా గొంతెత్తి మాట్లాడకూడదు," అంది నర్సు.

"అమ్మో, అది కష్టమే," అంది మడతక్క. ముగ్గురూ నవ్వారు.

నర్సు ఏదీ దాచలేదు. ఇరవై మందికి రెండే బాత్రూములని చెప్పింది, మధ్యాహ్నం ఉక్కపోస్తుందని చెప్పింది. ఆపరేషన్ అవసరమైతే డాక్టరూ రక్తమూ ఇక్కడే ఉంటాయని, నర్సింగ్ హోములో తేడా వచ్చినా ఇక్కడికే పంపుతారని కూడా చెప్పింది. చెబుతూనే కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఉన్న దుప్పటి చిరుగు మీద సూది దించింది. చీమల బారు మొదలైంది.

"మీరేనా?" అంది మడతక్క.

"ఏంటమ్మా?"

"ఏం లేదండీ. మీ కుట్లు నేను మడుస్తుంటాను."

ఆ సాయంత్రం భర్త ముఖం ముడుచుకున్నాడు. "మా వర్క్‌షాపులో ఏమనుకుంటారు? పెళ్లాన్ని ఊరికే వచ్చేచోట పడేశాడనరూ?"

"నొప్పులు నీ వర్క్‌షాపుకు రావుగా. ఆ గది నాకూ నచ్చింది. గొళ్లెం చూశావుగా, ఎంత బాగుందో. కానీ ఆ గొళ్లానికి అవతల అక్క ఉంటే, ఆ గది నాకెందుకు?" ఇంతకాలం దుప్పట్ల చాటున దాచుకున్న మాట అది. అనేశాక సిగ్గుతో గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. "మూడు రోజుల గది బదులు, రెండు గదుల్లో మూడేళ్లు ఉందాం."

అతను మంచం కింద నుంచి ఒక గిన్నె తీసి ఆమెకు అందించాడు. "అక్కడ లిఫ్టు ఉందా?" అన్నాడు.

"ఉంది. ఆగిపోయి ఉంది."

"అయితే నువ్వు వెళ్లేలోగా దాని సంగతి నేను చూస్తాను."

నెలలు నిండుతుండగా ఆమె ఇంట్లో ఉన్న చారల దుప్పటి తీసి, ఆసుపత్రి వాటిలో కలిసిపోకుండా మూలన ఊదా దారంతో గుర్తు కుట్టింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

కాన్పు తెల్లవారుజామున మొదలై సాయంత్రానికి అయింది. అంతసేపూ అక్క చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. నర్సు రెండుసార్లు గొంతు తగ్గించమంది, రెండుసార్లూ అక్కనే. ఆడపిల్ల. పక్క మంచం మనిషి గురక, బాత్రూము దగ్గర వరుస, ఉక్కపోత, అన్నీ నర్సు చెప్పినట్టే ఉన్నాయి. ఆ హడావిడిలో అక్క చారల దుప్పటిని మంచం మీద వదిలేసింది. వార్డు ఆయా దాన్ని మిగతావాటితో కలిపి మూటగట్టేసింది.

మర్నాడు లాండ్రీలో ఎరుపు దారం మూట విప్పిన బాబాయ్ చారల దుప్పటి పైకెత్తి, "ఇది ఏ ఆసుపత్రిదర్రా?" అని అరిచాడట. మూల తిప్పి చూస్తే ఊదా దారం. అలాంటి గుర్తు కుట్టే మనిషి ఊళ్లో ఒక్కతే. ఫోను రాకముందే లాండ్రీ అంతటికీ తెలిసిపోయింది. "ఒసేయ్, మన మడతక్క కనేసింది!"

సాయంత్రానికి ఆ దుప్పటి ఉతికి, బాబాయే ఆసుపత్రికి పట్టుకొచ్చాడు. మగవాళ్లను వార్డులోకి రానివ్వరు కాబట్టి గుమ్మంలోంచే అక్క చేతికిచ్చాడు. మడత ఆయనే పెట్టినట్టున్నాడు. ఒక్క మూలా కలవలేదు.

మడతక్క దాన్ని విప్పబోయింది. ఒళ్లో పిల్ల కదిలింది. ఆ వంకర మడత మీదే పిల్లను పడుకోబెట్టి ఊరుకుంది.