ముందుగాల ఊపిరి ఇను

సిస్టరమ్మ పోయారని మొన్న గురువారం వాళ్ల కూతురు ఫోన్ చేసింది. "పొద్దుగాల లేపితే లేవలే మేడం" అంది. రాయదుర్గంలో మా ఆఫీసు అద్దాల గదిలో, మీటింగు మధ్యలో ఉన్నాను. లేచి బయటికి రాలేకపోయాను. "సరేనమ్మా" అని మాత్రం అన్నాను.

ఆమె సర్కారు దవాఖానలో, ఎమర్జెన్సీ వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మా ఆఫీసులో చేరారు. ఒక ప్రైవేటు ఆసుపత్రికి అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లను మా సాఫ్ట్‌వేర్ వింటుంది. వెంటనే వెళ్లాలంటే ఎరుపు, కాస్త ఆగొచ్చంటే పసుపు, తొందర లేదంటే పచ్చ గుర్తు పెడుతుంది. పాత రికార్డింగులు విని ఆ గుర్తులు సరైనవో కావో చెప్పడం సిస్టరమ్మ పని.

కళ్లు మూసుకుని వినేవారు. వేలితో బల్ల మీద మెల్లగా తట్టేవారు. మొదట్లో అదేదో అలవాటనుకున్నాను. ఫోన్లో మనిషి ఊపిరి లెక్కపెడుతున్నారని తర్వాత తెలిసింది. "మాటలు తర్వాత ఇను బిడ్డా. ముందుగాల ఊపిరి ఇను" అనేవారు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి హెడ్‌ఫోన్స్ ఇచ్చారు. ఎవరో ఒకావిడ, చాలా నెమ్మదిగా: "ఛాతిల జర పట్టేసినట్టున్నది. ఫికర్ లేదు, వీలైతే పంపుండ్రి." యంత్రం పచ్చ పెట్టింది.

"దీనికి పచ్చ ఎట్ల పెట్టింది?"

"గొంతులో కంగారు లేదు కదండీ."

"ఎనక ఇంటినిండ మనుషులున్నరు. నలుగుట్ల ఉన్న ఆడమనిషి గట్టిగ ఒర్లుతదా? మాటమాటకు ఆగి ఊపిరి తీస్తున్నది. ఆమెకు ఏమైంది?"

నాకు తెలుసు. అంబులెన్సు మరో ఇద్దరి తర్వాత ఆమె దగ్గరికి వెళ్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది. కానీ రోగుల సంగతులు బయటపెట్టనని సంతకం చేసినదాన్ని.

"చెప్పకూడదండీ" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూశారు. "చెప్పినవ్ లే" అన్నారు.

పచ్చ పడిన ప్రతి ఫోన్నూ ఒక మనిషి మళ్లీ వినాలని ఆ రోజే రాసిచ్చారు. మా మేనేజర్ ముందు పెట్టాను. "అన్నీ మనుషులే వినాలంటే ఇక మనమెందుకు?" అన్నాడు. యంత్రం వచ్చాక చాలామందికి అంబులెన్సు త్వరగా అందుతున్న మాట నిజమే. యంత్రాన్ని ఆపితే వాళ్లకు అన్యాయం, ఇలాగే వదిలేస్తే ఆ ఫోన్ చేసినావిడ లాంటివాళ్లకు. చివరికి మనిషి వినే పద్ధతి లేకుండానే, యంత్రాన్ని ఇలాగే నడపొచ్చనే కాగితం తయారైంది. సంతకం నేనే పెట్టాను.

సిస్టరమ్మకు అది చూపించాను.

"పెట్టకుంటే ఏమైతుండె?"

"ఇంకొకరు పెట్టేవాళ్లండీ."

"గదే కదా పరేషాన్" అన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

మానేస్తారనుకున్నాను. "నేను పోతే ఈ కుర్చీల కూసొని ఎవరింటరు?" అని మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. తప్పుగా పడిన ప్రతి పచ్చనూ నెలల తరబడి విడిగా రాస్తూ పోయారు. ఆ రాతలు పట్టుకుని ఈసారి నేను మేనేజర్‌ను దాటి, ఆసుపత్రి డాక్టర్ల దగ్గరికే వెళ్లాను. ఛాతి నొప్పి, ఆయాసం అనే ఫోన్లను మాత్రం మనిషి వినడానికి ఒప్పుకున్నారు. మిగతావి ఇప్పటికీ యంత్రానివే. నా సంతకమూ అలాగే ఉంది.

"సగం తలుపు తీసినవ్" అన్నారామె. మెచ్చుకోలో, నిందో అడగలేదు. ఇక అడగడానికి లేదు.

లింగంపల్లిలో వాళ్లింటికి వెళ్లేసరికి, ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సులు ఇద్దరు డ్యూటీ మధ్యలో వచ్చి ఉన్నారు. నేనెవరో చెప్పాను.

"కంప్యూటర్ మేడమా? మీ గురించి మస్తు చెప్పేది" అంది పెద్దావిడ.

ఏం చెప్పేవారో అడిగేలోపే ఆవిడకు వార్డు నుంచి ఫోన్ వచ్చింది. రెండు ముక్కలు విని, "వస్తున్నం" అంది. ఇద్దరూ గుమ్మం ముందున్న చెప్పులు చేత పట్టుకుని సందు చివరికి పరుగెత్తారు. ఆటో మలుపు తిరుగుతుంటే, వెనక సీట్లో వాళ్లలో ఒకావిడ వంగి ఇంకా చెప్పు పట్టీ పెట్టుకుంటూనే ఉంది.