డప్పులు ఆగే చోటు

ఇన్నేళ్లుగా ఒక ప్రశ్నను దాచిపెట్టుకున్నాను. నేను తయారు చేసిన ప్రశ్న. దాన్ని వేరొకరి నోట పలికించాను. నేరం ఇంకొకరి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను.

మాది గుంటూరు దగ్గర మిరప, పత్తి పండే ఊరు. అమ్మవారి కొలుపులో ఊరేగింపు మసీదు దగ్గరికి రాగానే డప్పులు ఆగేవి. మసీదు పక్కింటి మస్తాన్ కుండతో మజ్జిగ తెచ్చి డప్పులవాళ్లకు పోసేవాడు. మసీదు గోడ దాటాకే మళ్లీ దరువు. ఈ కట్టుబాటును కాపాడినవాడు మా పెదనాన్న. చర్చి బడిలో పాఠాలు చెప్పే దేవదానం మాస్టారిని వసారా ఎక్కనివ్వనివాడూ ఆయనే. నాతో హేతువాద సభలకు వచ్చే మాస్టారు మా ఇంటి గుమ్మం బయట నిలబడి మాట్లాడి వెళ్లేవారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మంట అబద్ధం కాదు. దానితో నేను చేసిన పనే తప్పు.

అప్పుడు పార్టీలు తారుమారవుతున్నాయి. నిన్నటి కండువా ఇవాళ ఎవరి మెడలోనూ లేదు. పెదనాన్న మాత్రం పాత పార్టీని వదల్లేదు. కొత్త కండువా వేసుకున్న శీను, కోల్డ్ స్టోరేజీ యజమాని, పెదనాన్న పెద్దరికాన్ని కూల్చాలనుకున్నాడు. నేనూ అదే కోరుకున్నాను. ఈ ముసలాయన ఓడిపోతే ఊళ్లో ఛాందసం పోతుందని నా నమ్మకం. శీనుని కలిసి, నలుగురిలో ఏం అడగాలో నేర్పాను. డప్పులు ఎందుకు ఆపాలో కారణం చెప్పమను, ఆయన చెప్పలేడు అన్నాను.

శీను అలాగే అడిగాడు, పెదనాన్న చెప్పలేకపోయాడు. వాళ్ల నాయన ఆపాడని తానూ ఆపుతున్నానన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. ఆ ఏడు డప్పుల స్థానంలో డీజే పెట్టెలు వచ్చాయి. మసీదు ముందే నిలబెట్టి, నమాజు అయ్యేదాకా మోగించారు. మస్తాన్ మజ్జిగ కుండతో కాసేపు గుమ్మంలో నిలబడి, లోపలికి తీసుకెళ్లిపోయాడు.

ఛాందసం పోయిందా? పాతదానికి ఎక్కడో ఒక చోట ఆగడం తెలుసు. కొత్తదానికి అదీ తెలియదు. మాస్టారు మాత్రం అప్పటికీ గుమ్మం బయటే. మరి నేను సాధించిందేమిటి? సంప్రదాయవాదుల మీద ఇన్ని వ్యాసాలు రాశాను గానీ, వాళ్లకు ఈ కొత్త దారి చూపినవాళ్లలో నేనూ ఉన్నానని ఒక్క వాక్యం రాయలేకపోయాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కొలుపు అయ్యాక పెదనాన్న మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తూ నన్ను పిలిచాడు.

"ఏరా, ఆ మాట శీనుగాడి బుర్రలోంచి వచ్చింది కాదు. వాడికంత తెలివెక్కడేడ్చింది? ఎవరు ఎక్కించార్రా? ఆ దేవదానమేనా?"

"ఏమో పెదనాన్నా."

"ఊళ్లో ప్రతిదానికీ కారణం అడిగేది ఆయనొక్కడేగా."

తమ్ముడి కొడుకు మీద ఆయనకు అనుమానమే రాలేదు. నేను కాదనలేదు. మాస్టారి తమ్ముడు ఏళ్ల తరబడి మా పెదనాన్న పొలం కౌలుకి తీసుకుని పత్తి వేసేవాడు. ఆ వేసవిలో కౌలు పోయింది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి వెళ్లాడు. కౌలు ఎందుకు పోయిందో ఆ అన్నదమ్ములకు ఈనాటికీ తెలియదు. పెదనాన్న అదే నమ్మకంతో పోయాడు. నేను ఒక్క మాట అని ఉంటే ఆ పొలం వాళ్లకు దక్కేది.

మొన్న ఒక సభ జరిగింది. సంప్రదాయవాదం ఎటు పోతోందన్నది అంశం. అధ్యక్షులు మాస్టారే. నిజం చెప్పడానికి జంకని మనిషి అని నన్ను పరిచయం చేశారు. చప్పట్లు కొట్టారు. మైకు అందుకుని అందరి తప్పులూ చెప్పాను, నాది తప్ప.

ఈ రాతలోనూ నా పేరు పెట్టడం లేదు, మిగతా పేర్లూ మార్చాను. నా ధైర్యం ఇంతే. కానీ మజ్జిగ కుండ, వసారా, కౌలు అన్న మాటలు చాలు, మాస్టారు గుర్తుపడతారు. గుర్తుపట్టాలనే రాశాను. మన్నించమని అడగను.

ఆ ప్రశ్న నాది, మాస్టారూ.