ఆడవాళ్ల సీట్లో ధ్యానం

ఉప్పల్‌లో బస్సెక్కి, ఖాళీగా ఉన్న ఆడవాళ్ల సీట్లో కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ధ్యానం మొదలుపెట్టాను. రోజులో నాకు కాస్త ప్రశాంతత దొరికేది అక్కడే. మధ్యలో ఎవరిదో సంచి మోకాలికి తగిలింది. "చుట్టూ ఏం జరిగినా కళ్లు తెరవకండి" అంది ఫోన్లో గొంతు. నేను తెరవలేదు.

నాచారంలో కళ్లు తెరిస్తే, కూరగాయల సంచితో ఒక ముసలామె రాడ్డు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. నన్ను లేపబోతున్న కండక్టరమ్మను ఆపుతోంది.

"లేపకు బిడ్డా. పాపం, డ్యూటీ జేసి అలిసిండు."

గబుక్కున లేచాను.

"జరంతన్న నిద్ర వట్టిందా కొడుకా?" అని అడిగింది కూర్చుంటూ.

"పట్టిందమ్మా" అన్నాను.

ఇప్పుడు ధ్యానం ఇంట్లోనే చేస్తున్నాను. కళ్లు మూసుకోగానే ఆ సంచి వచ్చి మోకాలికి తగులుతుంది.