దేవదానం సారు పడవకు కప్పు

ఈ నెల తొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం ఏడున్నర గంటలకు కరీంనగర్‌లోని మా ఇంటి హాలులో మేస్త్రీ స్టూలెక్కి, వాన నీరు కారుతున్నచోట కప్పును కర్రతో తట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు బోలు చప్పుడు వచ్చింది. చదువుతున్న పేపరు వదిలేసి, వంటింట్లో ఉన్న భార్యను చేయి పట్టుకొని వరండాలోకి లాక్కుపోయాను. అట్లకాడతో సహా వచ్చిన ఆమె, "గింత చప్పుడైతే గింత ఉరుకుడా?" అన్నది. ఆ ఉరుకుడు నాకు నేర్పినవారు దేవదానం సారు.

ఆయన మా బొగ్గు గనిలో ఓవర్మన్. భూమి కింద తన షిఫ్టులో పనిచేసే మనుషులందరి క్షేమానికి ఆయనే బాధ్యుడు. నేను కొత్తగా చేరిన రోజున నన్ను పనిస్థలానికి ముందే ఆపి, చేతికి కర్ర ఇచ్చి కప్పు తట్టమన్నారు. తట్టాను. "ఏం వినవడ్డది?" అన్నారు. ఏమీ లేదన్నాను. "అయితే మల్ల కొట్టు. గట్టి కప్పు ఖంగుమంటది, ఇడిసిన కప్పు డబ్బా లెక్క మోగుతది. విన్నది టైముతోని రాసి దస్కత్ పెట్టు. దాని కింద పొయ్యేటోనికి నువ్వే జమానతు." నా డైరీ అలవాటుకు పునాది ఆ సంతకమే.

రిటైరయ్యాక సారు, ఆయన భార్య మార్తమ్మ చెన్నూరులో స్థిరపడ్డారు. మార్తమ్మ కంపెనీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఇద్దరి షిఫ్టులూ ఏనాడూ కలవలేదు. ఒకరు ఇల్లు చేరేసరికి మరొకరు బయలుదేరేవారు. అందుకే సారు ఒక పాత చేపల పడవ కొని ఇంజను బిగించారు. బ్యారేజీ వల్ల గోదావరి అక్కడ నిండుగా నిలిచి ఉంటుంది. తొందర లేకుండా ఒడ్డు వెంట ఇద్దరం తిరుగుదామని ఆయన మాట. అయితే పడవకు కప్పు లేదు. జీవితమంతా కప్పు కింద పనిచేసిన మనిషికి నెత్తిమీద ఏమీ లేకపోవడం పెద్ద లోపంగా తోచింది. నెలల తరబడి సాయంత్రాలన్నీ పడవలోనే గడిపి, గనిలో కప్పు కూలకుండా నిలిపినట్టే ఎనిమిది దుంగలు నిలిపి, రేకుల కప్పు వేశారు. చూడటానికి నీళ్లలో బస్టాండు దిగినట్టుండేది.

నేను వాళ్లను చూడబోయిన ఒక శనివారం మార్తమ్మ ఓపిక అయిపోయింది. "రిటైరైనంక ఇంట్లుంటవనుకుంటే పడవల సంసారం పెట్టినవ్. ఆదివారం అవతలి ఊరి చర్చిల కోత పండుగ. ఆరాధన టైముకు పడవల తీస్కపోతే పడవ నీది. లేదంటే సోమవారం, పడవ అడుగుతున్న గా చేపల కాంట్రాక్టరుకు అమ్ముడే. శంకరయ్యా, నువ్వే సాక్షి," అని నా వైపు తిరిగింది.

"సాక్షి దేనికి మార్తా, చేరుతం," అన్నారు సారు. గొంతు మాత్రం అంత గట్టిగా లేదు.

ఆదివారం ఉదయం ఎనిమిదికి బయలుదేరాము. మార్తమ్మ ఒళ్లో బగారన్నం గిన్నె, నా చేతిలో గడియారం. నది మధ్యకు రాగానే గాలి లేచి రేకుల కప్పును తెరచాపలా పట్టుకున్నది. సారు ముందుకు తిప్పితే పడవ పక్కకు పోయింది. పక్కకు తిప్పితే గుండ్రంగా తిరిగింది. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు మమ్మల్ని మూడు వైపుల నుంచీ చూశారు.

"ఏందయ్యా, పండుగకు పోతున్నమా, పిండి గిర్నీ ఆడిస్తున్నవా?"

"జర ఆగు, గాలి తగ్గుతది."

"గాలి కాదు, నీ కప్పు తగ్గాలె. తియ్యి."

సారు ముఖం తెల్లబోయింది. గనిలో దుంగలు తీయడమే అన్నిటికంటే ప్రమాదమైన పని. దానికో పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో ఒక్క మెట్టు కూడా ఆయన వదలలేదు. మొదటి దుంగకు తాడు కట్టి, "అందరు నా ఎనుకకు రాండ్రి!" అని ఉత్తరువు వేశారు.

"పడవల ఎనుక ఏడున్నదయ్యా?"

"ఉన్నకాడికి రా!"

ముగ్గురం పడవ చివర ఇరుక్కున్నాము. ముక్కు పైకి లేచింది. మార్తమ్మ కింద పెట్టివచ్చిన బగారన్నం గిన్నె జారుకుంటూ మమ్మల్ని దాటి గోదావరిలో దిగింది. అదే క్షణంలో సారు తాడు లాగారు. దుంగల వెంట దుంగలు, రేకుల వెంట రేకులు, కప్పంతా ఒక పక్కకు ఒరిగి నీళ్లలో పడింది. "మనుషులు?" అని అరిచారు సారు. "ముగ్గురం సార్," అన్నాను. అప్పుడు గాని ఆయన ఊపిరి వదలలేదు.

పడవ తిన్నగా నడవసాగింది. కాని ఆ తిరుగుళ్లలోనే గడియారం పన్నెండు దాటింది. చర్చి వైపు నుంచి పాట కూడా వినిపించడం లేదు. పడవ పోయినట్టేనని ముగ్గురికీ తెలుసు. సారు ఇంజను ఆపేశారు. మార్తమ్మ చెప్పులు విడిచి కాళ్లు నీళ్లలో పెట్టింది. సారు మాత్రం తల పైకెత్తి చూస్తూనే ఉన్నారు.

"ఏం చూస్తున్నవ్ పైకి?"

"ఏం లేదు మార్తా."

"ఏం లేకుంటే మంచిదే గదా. కిందికి చూడు. నేనున్న."

సాయంత్రం దాకా ఒడ్డు వెంట అలాగే తేలాము.

సోమవారం కాంట్రాక్టరు వచ్చాడు. మార్తమ్మే ఎదురువెళ్లింది. "కప్పు పోయింది బిడ్డా. రిపేరైనంక అమ్ముతం."

"చేపలకు కప్పెందుకమ్మా?"

"నీకొద్దేమో. కప్పు లేకుంట మేమియ్యం. అడుగు, సాక్షున్నడు."

కప్పు లేకుండా ఇవ్వడం పద్ధతి కాదని నేను గంభీరంగా చెప్పాను. సారు ఆ కప్పు మళ్లీ వేయలేదు. ఎప్పుడవుతుందని కాంట్రాక్టరు అడిగిన ప్రతిసారీ, "పని నడుస్తున్నది," అనేవారు.

ఆ ఆదివారం లెక్క ఇది. పోయినవి: దుంగలు ఎనిమిది, రేకులు ఆరు, బగారన్నం గిన్నె మూతతో సహా, కోత పండుగ విందు. ఉన్నవి: మనుషులు ముగ్గురు, పడవ ఒకటి. సారు పోయిన తర్వాత ఆ లెక్కలో ఒక్కటి దిద్దవలసి వచ్చింది. వీలైన ఆదివారాల్లో చెన్నూరు వెళతాను. మార్తమ్మ ముందు కూర్చుంటుంది, ఇంజను నేను నడుపుతాను. ఏ ఊరికీ టైముకు చేరము.