పాలిష్ పట్టిన సిలిండర్

తాండూరు చుట్టూ నీళ్లు నిండిన నాపరాతి గనుల్లోంచి శవాలు తీయడం నాన్న పని. అందుకే నీళ్లలో ఊపిరి కోసం పాత అల్యూమినియం గాలి సిలిండర్ కొన్నాడు. మెరవాలని బండల పాలిష్ మిషన్ మీద పట్టించాడు. దానిమీద గుద్దిన భద్రతా పరీక్ష తేదీ అరిగిపోయింది.

మిగిలిన గాలి వదిలేసి, వాల్వు విప్పి, ఫోన్ లైటుతో మెడలోపలి మరలు చూశాను. వెంట్రుకంత పగులు.

"గీతనే గదా బిడ్డా. గనికాడ ఒక తల్లి, కొడుకు నీళ్లల్ల పడ్డడేమోనని ఏడ్సుకుంట కూసున్నది."

"గాలి నింపితే పేలుతది నాయినా!"

ఎప్పుడూ గట్టిగా మాట్లాడని నేను అరిచాను. నాన్న సిలిండర్ వదిలేసి, నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి గని నీళ్లలోకి దిగాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. తాడు గుంజితే శవం దొరికినట్టు. కదలకూడదని ఆ తల్లి, కదలాలని నేను చూస్తూ కూర్చున్నాం.

చాలాసేపటికి కదిలింది.