భవానీపూర్ హాల్లో వన్స్ మోర్

నా పాట అయిపోగానే హాల్లో చీమ చిటుక్కుమనకూడదు. మా నాటక బృందం దర్శకుణ్ణి అందరం దాదా అనేవాళ్ళం. ఆ నిశ్శబ్దం కోసం ఆయన నన్ను కాల్చుకు తిన్నాడు. నా భర్త వేషం వేసినతను దుప్పటి కింద శవమై పడుకుంటాడు. నేను పక్కన కూర్చుని నాలుగు వరసల బెంగాలీ పాట పాడాలి, తల దించుకుని ఊరికే ఉండిపోవాలి. ఆ తర్వాతే నా మాట. అంతవరకూ ఆ భార్య వేషం వేసినావిడ వేరే బృందానికి వెళ్ళిపోతే అది నాకు దక్కింది. దక్కిందని కూడా అనడానికి లేదు. "ఇవాళ చూస్తాను, నచ్చితేనే ఉంటావు" అని ముందే తేల్చేశాడు మహానుభావుడు.

ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో పుట్టిన తెలుగుదాన్ని, భవానీపూర్‌లో బెంగాలీ నాటకం ఆడటమంటే మాటలా? ఆ సంబరంలో నా బుద్ధి గడ్డి తిని నాన్నని రమ్మన్నాను.

నాన్న డాకుల్లో ఓడల సరుకు మోసి రిటైరైన మనిషి. నాటకమంటే ఆయనకి శ్రీకాకుళం వైపు తను చిన్నప్పుడు చూసిన పద్యనాటకమే. అక్కడ జనం "వన్స్ మోర్" అన్నారంటే నటుడు మళ్ళీ పాడేదాకా వదలరు. చచ్చిపోయిన రాజైనా సరే, లేచి పాడాల్సిందే.

ఆ సాయంత్రం పాట బాగా కుదిరింది. ఆపాను. తల దించుకున్నాను. దాదా కోరుకున్న నిశ్శబ్దం అచ్చంగా వచ్చింది.

"వన్స్ మోర్!"

నాన్న గొంతు! తలలన్నీ వెనక్కి తిరిగాయి. "చుప్, చుప్" అన్నారెవరో. ఊరుకుంటాడులే అనుకున్నాను. ఎక్కడ! ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మా నాన్న లేచి నిలబడి మళ్ళీ అరిచాడు. దుప్పటి కింద శవం పళ్ళు బిగించి "ఎగియే జా" అంది, ముందుకెళ్ళిపో అని. పక్కతెర చాటునుంచి దాదా, మాట చెప్పు, చెప్పు అని చెయ్యి ఊపేస్తున్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో గేటు దగ్గరి మనిషి టార్చి వేసుకుంటూ వచ్చి నాన్న జబ్బ పట్టుకున్నాడు. "మేరా బేటీ హై" అంటున్నాడు నాన్న, నా కూతురని, వచ్చీరాని హిందీలో. అతను వినకుండా గుమ్మం వైపు లాగుతున్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

ఒళ్ళు మండిపోయింది. ఆ మాట చెప్పేస్తే వేషం నాదే. అలా చెబితే నాన్నని రెక్క పట్టుకుని గెంటేస్తారు. పాట మళ్ళీ ఎత్తుకున్నాను, మొదటి వరస నుంచి. గేటు మనిషి బిత్తరపోయి చెయ్యి వదిలేశాడు. నాన్న చొక్కా సర్దుకుని, జనానికి దండం పెట్టి కూర్చున్నాడు.

నాటకం అయ్యాక దాదా నన్ను పక్కకి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు. అరవను కూడా లేదు. అరిచుంటే నేనూ నాలుగు అనేదాన్ని.

ఇంటికెళ్ళే బస్సెక్కాం. "ఏటే అమ్మా, మొకం అలగ పెట్టినావు?" అన్నాడు నాన్న.

అంతే, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు. "ఏటా? నీ వల్ల నన్ను తీసీసినారు నాన్నా! నిన్నెవుడు అరవమన్నాడు? నాను బాగా పాడినానని నీకొక్కడికే తెలిసిందేటి?"

నాన్న కిటికీ కడ్డీ పట్టుకుని నా వైపు తిరిగాడు.

"బాగా పాడినావని కాదమ్మా" అన్నాడు. "ఆ పాటల మంచీ సెడ్డా నాకేటి తెలుసు? నువ్వు పాడడం ఆపీసినావు. అంతమంది కూకున్నారు, ఒక్కడూ నోరిప్పనేదు. ఆలకి నచ్చనేదు గావాలనుకున్నాను. అంతమందిలో నా కూతురు అలగ తలొంచుకుని కూకుంటే సూడనేకపోయినాను."