చూసే నీళ్ళు, దిగే నీళ్ళు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు రైల్లో అందింది. తాడేపల్లిగూడెంలో ఉద్యోగానికి వెళ్తున్నాను. భీమడోలు దాటుతుండగా నాన్న ఫోన్ చేసి, "అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. కిటికీ బయట చేపల చెరువులు ఎండకి మెరుస్తున్నాయి. వచ్చే స్టేషన్లో దిగి, వెనక్కి వచ్చే బండి ఎక్కాను.

సమాధి దగ్గర మా చర్చి సంఘం పెద్దగారు మాట్లాడారు. "నోట్లో నాలుక లేని మనిషండీ. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు" అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఇది రాస్తున్నది అందుకే. ఆవిడకి నాలుక ఉంది. అది ఉండబట్టే మా సంఘం ఆడవాళ్ళం సముద్రంలో దిగాం.

అత్తయ్య వట్లూరులో చిన్న పిల్లలకి పాఠాలు చెప్పేది. గొంతు పెంచేది కాదు. కాదనబోయే ముందు మాత్రం కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడిచేది. ఆ తుడుపు చూస్తే మా నాన్న మెల్లగా వీధిలోకి జారుకునేవాడు.

ఏటా వేసవిలో మా సంఘం ఒక రోజు బీచ్‌కి వెళ్తుంది. ఏ బీచ్ అన్నది పెద్ద పంచాయితీ. మంగినపూడి దగ్గరంటారొకరు, సూర్యలంక విశాలమంటారొకరు, పేరుపాలెం అయితే దారిలో భీమవరంలో రొయ్యలు కొనుక్కోవచ్చంటారు ఇంకొకరు. ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళ పని మారదు. మగవాళ్ళూ పిల్లలూ అలల్లో గంతులేస్తుంటే, మేం బిరియానీ గిన్నెలకీ విడిచిన చెప్పులకీ కాపలా.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఈ పంచాయితీ మొదలైంది. అత్తయ్య కళ్ళజోడు తీసింది.

"ఏవండీ పెద్దగారూ, అక్కడ ఆడాళ్ళు తడిబట్టలు మార్చుకోడానికి చోటుందా అండీ?"

"ఆడాళ్ళు నీళ్ళలో ఎందుకు దిగుతారండీ? ఒడ్డున కూచుని చక్కగా చూస్తారు గానీ."

"చూట్టానికే అయితే మన కొల్లేరు ఉంది కదండీ. అంత దూరం బస్సు కట్టించుకుని వెళ్ళడం దేనికి?"

వెనక బెంచీల్లో నవ్వులు. పెద్దగారు మాత్రం నవ్వలేదు. ఇంటికొస్తూ అత్తయ్య నాతో అంది: "చూసే నీళ్ళు వేరు, దిగే నీళ్ళు వేరే. మనకి చుట్టూ ఉన్నవన్నీ చూసే నీళ్ళే."

ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని పేరుపాలెం బయల్దేరింది. రెండు బస్సులు, ఒక ఆటో. ఇసుకలో అడుగుపెట్టగానే నేను అలల వైపు పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉంది. సరుగుడు చెట్లు చూస్తోంది. ఒక మానుకీ ఇంకో మానుకీ మధ్య చేతులు చాపి కొలుస్తోంది.

"సముద్రం ఇటుంది అత్తయ్యా!"

"అది ఎక్కడికీ పోదు గానీ, ఈ కొంగు పట్టుకో."

సంచిలోంచి తీసిన పాత నేతచీరని రెండు మానులకి కట్టి చూసింది. నాలుగు చీరలైతే గది అవుతుందంది. తర్వాత వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని లోతు ఎక్కడని అడిగింది. "ఆయ్, ఆ పడవకి ఇవతలే ఉండండమ్మా. అటేపు గుంట" అన్నాడాయన. ఆవిడ బీచ్ ఎంచుకున్న పద్ధతి అదీ.

ఆ వేసవి సంఘం మొత్తాన్నీ అత్తయ్య పేరుపాలేనికే ఒప్పించింది, అక్కడ చీరలతో గది కట్టాం. ముందు ఎవరూ కదల్లేదు. అత్తయ్య ఒక్కతే పైట బొడ్లో దోపుకుని మోకాళ్ళ దాకా వెళ్ళి, అల వచ్చి కొడితే కూలబడింది. కూలబడి అక్కడే కూర్చుని నవ్వింది. అప్పుడు లేచింది, ఎవరనుకున్నారు, పెద్దగారి భార్య. "ఏవండీ, కాస్త చెప్పులు చూస్తుండండి!" అని కేకేసి నీళ్ళలోకి నడిచిందావిడ. పెద్దగారు పాపం చెప్పుల దగ్గరే నిలబడ్డారు. ఆ తర్వాత ఏటా పేరుపాలెమే.

ఈ వేసవి అత్తయ్య లేదు. మొన్నటి ఆదివారం పెద్దగారు లేచి, "ఈసారి మంగినపూడి వెళ్దామండీ, దగ్గర. ఆడాళ్ళు నీళ్ళ జోలికి పోకుండా ఒడ్డున కూచుని, ఆవిడ జ్ఞాపకార్థం నాలుగు పాటలు పాడతారు" అన్నారు.

అందరూ నేలచూపులు. ఈ ఒక్క ఏడూ ఊరుకుంటే గది మళ్ళీ లేవదని నాకు తెలుసు. తుడవడానికి నాకు కళ్ళజోడు లేదు. చున్నీ కొంగు గట్టిగా పట్టుకుని లేచాను.

"ఆవిడ పేరు చెప్పి మమ్మల్ని మళ్ళీ ఒడ్డున కూచోబెడతారా అండీ?"

"నోరు అచ్చం మీ అత్తయ్యదే వచ్చిందమ్మా నీకు."

"అవునండీ. సమాధి దగ్గర మీరు లేదన్నది ఆ నోరే."

 ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దగారి భార్య గొంతు, మెత్తగానే: "ఏవండీ, పేరుపాలెం అని చెప్పేయండి. నేను చీర తెస్తున్నాను."

నిన్ననే వెళ్ళొచ్చాం. అత్తయ్య పోయాక ఆవిడ చీరలు అందరికీ పంచేటప్పుడు నాకు పట్టుచీర ఇవ్వబోతే వద్దని, ఆ నేతచీరే అడిగి తెచ్చుకున్నాను. తాడు కట్టీ కట్టీ దాని మూలలు చిరిగిపోయాయి. ముడి ఇంకాస్త లోపలికి వేశాను. సముద్రం మీది గాలికి చీర లోపలికి ఉబ్బింది, మళ్ళీ బయటికి ఉబ్బింది. "ఒసే, తలుపు పట్టుకోవే!" అని లోపల ఎవరో నవ్వుతున్నారు. చీర అంచు కింద, తడి ఇసుకలో, ఎన్నో పాదాలు.